సెకండ్ హ్యాండ్ స్టెప్నీ కొంటున్నారా? టైరు విప్పించి చూడందే డబ్బులివ్వకండి

కారుకి బయట స్టెప్నీ కొనాలనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. ట్యూబ్‌లెస్ టైరని చెప్పి, లోపల ట్యూబ్ పెట్టి అమ్ముతున్నారు. టైరుకి నల్ల పాలిష్ కొట్టి, రిమ్‌కి కొత్తగా వెండి రంగు వేస్తారు. గాలి నిండుగా ఉంటుంది కాబట్టి పైకి ఏ అనుమానమూ రాదు. మాకు అంటగట్టింది అలాంటిదే.

మా తమ్ముడు కొన్న పాత స్విఫ్ట్‌లో స్టెప్నీ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపాయన ఇనుప రిమ్, టైరు కలిపి రూ.3,500కి ఇచ్చాడు. "రెండేళ్ళ టైరండీ, డిక్కీలోంచి బయటికే రాలేదు" అన్నాడు. సైజు 165/80 ఆర్14, అది సరైనదే. బండికి ఉన్నవి 185/65 ఆర్15 అయినా రెండు చక్రాల ఎత్తూ దాదాపు 62 సెంటీమీటర్లే.

హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక రాత్రిపూట పంక్చరైంది. స్టెప్నీ వేసుకుని బయల్దేరాం. కాసేపటికే స్టీరింగ్ వణకడం మొదలైంది, నకిరేకల్ చేరకముందే ఆ టైరు ఒక్కసారిగా చప్పబడిపోయింది. బండిలో అమ్మానాన్న ఉన్నారు, పక్కనుంచి లారీలు దూసుకెళ్తున్నాయి. తమ్ముడు అప్పటికే నెమ్మదిగా నడుపుతున్నాడు కాబట్టి బయటపడ్డాం.

నకిరేకల్‌లో పంక్చర్ షాపాయన టైరు విప్పితే లోపల చిరిగిన ట్యూబ్ బయటపడింది. రిమ్ అంచు ఎప్పుడో వంగితే సుత్తితో కొట్టి సరిచేశారు, దానికి అడుగున వెల్డింగ్ గీత. అలాంటి రిమ్ మీద ట్యూబ్‌లెస్ టైరు గాలి పట్టదు కాబట్టి ట్యూబ్ దోపారు. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గోడ ట్యూబ్ కోసం చేసింది కాదు. ఆ రాపిడికి, వేడికి ట్యూబ్ చిరిగిపోతుంది. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, మనకి టైం ఉంటుంది. ట్యూబ్ చిరిగితే ఆ టైం ఉండదు.

ఇంకో మోసం తారీఖుది. టైరు సైడు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చాలా టైర్లకు ఇది ఒక వైపే ఉంటుంది. మాకిచ్చినదాన్ని ఆ వైపు లోపలికి వచ్చేలా ఎక్కించారు. విప్పి చూస్తే 0913, అంటే 2013లో తొమ్మిదో వారం. వాడకపోయినా రబ్బరు గట్టిపడి పగులుతుంది, అందుకే స్టెప్నీ అయినా సరే పదేళ్ళు దాటితే మార్చేయమని పెద్ద టైరు కంపెనీలే చెబుతాయి. పైగా అరిగిపోయిన టైరుకి బ్లేడుతో మళ్ళీ గాట్లు కోశారు. అసలు గాట్ల మధ్య, టైరు ఎంత అరిగిందో చూపించే 1.6 మి.మీ. ఎత్తు చిన్న అడ్డకట్టలు ఉండాలి. మా టైరులో అవి కోతలో పోయాయి.

విప్పకముందే ఒక పరీక్ష ఉంది. గాలి కొట్టే వాల్వ్‌ని వేలితో కదిపి చూడండి. ట్యూబ్‌లెస్ వాల్వ్ మొదలు దగ్గర లావుగా ఉండి రిమ్‌కి బిగుతుగా కూర్చుంటుంది. ట్యూబ్ వాల్వ్ వదులుగా ఆడుతుంది, లోపలికి కూడా జారుతుంది. అనుమానం ఉన్నా లేకపోయినా పక్కనే ఉన్న పంక్చర్ షాపులో విప్పించండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ స్టెప్నీ మనకొద్దు.

రిమ్ దగ్గర నట్ల లెక్క కూడా చూడాలి. స్విఫ్ట్‌కి నాలుగు నట్లు, 100 మి.మీ. వ్యాసమున్న వలయం మీద ఉంటాయి. ఫియట్ లీనియా రిమ్ములకీ నాలుగు రంధ్రాలే, కానీ 98 మి.మీ. మీద. చూపుకి తేడా తెలియదు, బలవంతంగా బిగిస్తే ఎక్కినట్టే ఉంటుంది కానీ నట్లు సరిగ్గా కూర్చోవు. నడుస్తున్న బండికి అది ప్రాణాంతకం. హ్యుందాయ్ నట్ల మర మారుతి మరతో కలవదు, కాబట్టి మీ బండి నట్లతోనే, మీ బండికే బిగించి, జాకీ మీద చక్రం తిప్పి చూశాకే డబ్బు ఇవ్వండి.

2020 నుంచి టైరు గాలి చూపించే సిస్టమ్, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం నిబంధన మార్చింది. కిట్‌తో చిన్న మేకు రంధ్రం మూతపడుతుంది కానీ టైరు పక్కగోడ కోసుకుంటే పనికిరాదు. అందుకే అలాంటి కార్లున్నవాళ్ళు కూడా బయట స్టెప్నీ వెతుక్కుంటున్నారు. వాళ్ళకి నా సలహా, కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో కొత్త ఇనుప రిమ్ తీసుకోండి, అల్లాయ్ కన్నా చాలా చవక. దానికి ఐఎస్ఐ ముద్ర ఉన్న కొత్త టైరు వేయించుకోండి.

తిరిగెళ్ళి అడిగితే షాపాయన "గేటు దాటాక మాకు సంబంధం లేదు" అన్నాడు. ఇచ్చింది కచ్చా బిల్లు, అందులో "రిమ్+టైరు" అని తప్ప ఏమీ లేదు. ఆటోనగర్‌లో నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, వాళ్ళు అడగకుండానే టైరు కోడ్ రాసి బిల్లిస్తారు. మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. టైరు, ట్యూబ్, రిమ్ పారేయకుండా ఉంచాం, ఫోటోలన్నీ ఫిర్యాదుకి జత చేశాం. మీ డిక్కీలో కూడా బయట కొన్న స్టెప్నీ ఉంటే, దూరప్రయాణం పెట్టుకునేలోపు ఆ వాల్వ్ ఒకసారి కదిపి చూడండి.