చెరువు కట్ట మీద నేర్చుకున్న సుస్థిరత: ఒక ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుపై సమీక్ష

హనుమకొండలోని ఒక ఉన్నత విద్యాసంస్థ సుస్థిర అభివృద్ధి అంశంపై ఆదివారాల్లో నడిపే ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును నేను గత డిసెంబరులో పూర్తి చేశాను. జూనియర్ కళాశాలలో పదహారేళ్లుగా వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. చెరువు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాచు, తామర, గుర్రపుడెక్కల దగ్గరే ఆగిపోతున్నాననే అసంతృప్తి నన్ను ఈ కోర్సు వైపు నడిపించింది. సివిల్ ఇంజినీరింగ్, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం చెప్పే అధ్యాపకులు కలిసి బోధిస్తారని ప్రకటనలో చదివి నాలుగు వేల రూపాయలు చెల్లించి చేరాను. మా బ్యాచ్‌లో ముప్పై రెండు మందిమి ఉన్నాము. ఎక్కువ మంది పీజీ విద్యార్థులు కాగా, నలుగురు ఉపాధ్యాయులు, ఇద్దరు పంచాయతీ కార్యదర్శులు, జనగామ వైపు నుంచి వచ్చే ఒక రైతు కూడా మాతో చదివారు.

మొదటి రెండు నెలలు నిరాశ కలిగించాయి. ఒక్కో ఆదివారం ఒక్కో శాఖ అధ్యాపకుడు వచ్చి, తన స్లైడ్లు చూపించి వెళ్లిపోయేవారు. ముందు వారం ఎవరు ఏం చెప్పారో తర్వాత వచ్చినవారికి తెలిసేది కాదు. భావి తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనాన్ని మేము నాలుగు తరగతుల్లో నాలుగుసార్లు రాసుకున్నాము. పర్యావరణ విద్యను అన్ని స్థాయుల్లో బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. ఆ తర్వాత డిగ్రీలో తప్పనిసరిగా చేరిన పాఠం కూడా చాలా చోట్ల ఇలాగే, ఏ శాఖకూ చెందని అదనపు పేపరుగా మిగిలిపోయింది. ఈ కోర్సు గతి కూడా అంతేనేమోనని సెప్టెంబరు వచ్చేదాకా నాకు భయంగానే ఉంది.

ఆ భయాన్ని పోగొట్టింది పరకాల దాటిన తర్వాత ఒక ఊరి చెరువు కట్ట మీద గడిపిన ఆదివారం. ఆ రోజు ఐదుగురు అధ్యాపకులూ కలిసి వచ్చారు. మా ముందు ఒకే ప్రశ్న పెట్టారు: ఈ చెరువులో పూడిక తీయాలా? తీస్తే ఎంత లోతు తీయాలి, ఆ మట్టి ఎవరి పొలానికి చేరుతుంది?

ఇంజినీరింగ్ అధ్యాపకుడు మమ్మల్ని తూము దగ్గరికి తీసుకెళ్లి, తూము అడుగు మట్టం కంటే కిందికి ఎంత తవ్వినా ఆ నీరు కాలువకెక్కి ఆయకట్టుకు పారదని చూపించారు. ఆ లోతు నీరు పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బావుల ఊటకు ఉపయోగపడుతుంది తప్ప వరికి కాదు. అయితే చెరువు అడుగున పేరుకున్న బంకమట్టి పొరను పూర్తిగా తవ్వేస్తే నీరు త్వరగా ఇంకిపోతుందనీ, బావులున్నవారికి అది మేలు, తూము మీద ఆధారపడినవారికి నష్టమనీ ఆయన వివరించారు. రసాయనశాస్త్ర అధ్యాపకురాలు గుప్పెడు మట్టి తీసి, ఒండ్రులోని బంకమన్ను, సేంద్రియ కర్బనం చెల్క నేలలో తేమను ఎలా పట్టి ఉంచుతాయో చెప్పారు. ఊరి మురుగు కలిసే చెరువైతే పరీక్ష చేయించకుండా మట్టిని పొలంలో వేయకూడదని కూడా హెచ్చరించారు.

అర్థశాస్త్ర అధ్యాపకుడు లేవనెత్తిన విషయం నాకు అంతకు ముందెన్నడూ తట్టనిది. తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తవ్వకం ఖర్చు ప్రభుత్వం భరించింది, మట్టి తోలుకునే ఖర్చు రైతు మీద పడింది. ఒండ్రు వేసిన పొలానికి మేలు కొన్నేళ్ల పాటు నిలుస్తుంది కాబట్టి సొంత భూమి ఉన్న రైతు ట్రాక్టరు కిరాయి పెట్టుకుంటాడు. వచ్చే ఏడు అదే పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? మట్టి బాగుపడటానికీ కౌలు ఒప్పందానికీ ఉన్న ఈ సంబంధం ఏ ఒక్క శాఖ పుస్తకంలోనూ కనిపించదు. యాసంగికి నీళ్లు వదలాలనే ఆయకట్టు రైతులకూ, చేప ఎదిగేదాకా నీళ్లు నిలపాలనే మత్స్య సహకార సంఘానికీ మధ్య ఏటా వచ్చే తగవును సమాజశాస్త్ర అధ్యాపకురాలు ఆ ఇరువర్గాల వారి నోటనే చెప్పించారు.

అందరూ మాట్లాడాక ఆ ఊరి నీరటి (చెరువు నీళ్లను పొలాలకు పారించే మనిషి), అప్పటివరకూ పక్కన నిలబడి విన్న పెద్దాయన, "పూడిక తీసుడు సరే సారూ, నీళ్లొచ్చే కాలువ మూడు తావుల పూడింది, గది సూసిన్రా?" అని అడిగారు. అధ్యాపకులు ఆయన వెంట రెండు కిలోమీటర్లు నడిచి ఆ మూడు చోట్లూ చూశారు. విశ్వవిద్యాలయ పరిశోధన ఎక్కడ మొదలుకావాలో నాకు ఆ నడకలో అర్థమైంది.

చరిత్ర తరగతులు కూడా తర్వాత ఇదే దారిలో సాగాయి. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనాన్ని కాకతీయుల వంశావళి కోసమే చదవడం నాకు అలవాటు. ఇక్కడ దాన్ని నీటి నిర్మాణం గురించిన పత్రంగా చదివించారు. పాఖాల, రామప్ప చెరువులు కట్టి ఎనిమిది వందల ఏళ్లు దాటినా వాటి కింద ఇప్పటికీ పంట పండుతోందంటే, రాతికట్టడంతో పాటు తూము, కాలువ, కట్టలను ఏటా చూసుకున్న మనుషుల ఏర్పాటూ అందుకు కారణమని ఆ తరగతిలో తెలిసింది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసిన సంగతిని ఆధారంగా చేసుకుని, ఒకదాని నీరు మరొకదానికి చేరే గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తెగితే కింది చెరువుల మీద పడే భారాన్ని లెక్కగట్టించిన తరగతి కూడా బాగుంది.

పత్తి గురించిన రెండు తరగతులు మాత్రం ఆ స్థాయికి రాలేదు. 1997–98లో పురుగు ఉధృతికి పంట పోయి వరంగల్ జిల్లా రైతులు ప్రాణాలు తీసుకోవడం, 2002లో బీటీ పత్తికి అనుమతి రావడం, రసాయనాలు మానేసి నిలదొక్కుకున్న ఏనబావి గ్రామం, ఇవన్నీ మన కళ్ల ముందు జరిగినవే. అయినా పురుగు గురించి ఒకరు, అప్పు గురించి మరొకరు వేర్వేరు వారాల్లో చెప్పారు. పురుగుమందు అరువిచ్చే దుకాణదారే పంట కూడా కొంటున్నప్పుడు రైతు మందు మానడం ఎంత కష్టమో, ఇద్దరూ ఒకే రోజు కూర్చుని ఉంటే తేలేది.

అన్నిటికంటే పెద్ద లోపం పరీక్షలో ఉంది. ఆంగ్లంలో యాభై బహుళైచ్ఛిక ప్రశ్నలు ఇచ్చారు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు ఎన్ని, ఏ సంవత్సరంలో ఆమోదించారు వంటివే అందులో ఎక్కువ. 17 అని, 2015 అని గుర్తించిన మాకు మంచి మార్కులు వచ్చాయి. నీళ్లు తక్కువైన ఏడు ఎవరి మడికి ఎంత పారించాలో నిర్ణయించే తైబందీ పద్ధతిని తరగతిలో అందరికంటే స్పష్టంగా వివరించిన జనగామ రైతు ఉత్తీర్ణులు కాలేదు. చదువుకోవడానికి ఇచ్చిన సామగ్రిలో తెలుగు పేజీ ఒక్కటీ లేదు. పాఠమంతా తెలుగులో జరిగే చోట ఇది సరిదిద్దలేని విషయం కాదు కనుక, ఈ రెండు మార్పులూ కోరుతూ మేము పద్నాలుగు మందిమి సంతకాలు చేసి ఇచ్చాము.

ఉపాధ్యాయులకు, పంచాయతీ కార్యదర్శులకు, పరిశోధన అంశం వెతుక్కుంటున్న పీజీ విద్యార్థులకు ఈ కోర్సును నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఉద్యోగ దరఖాస్తులో చూపించే సర్టిఫికెట్ మాత్రమే కావాలనుకునేవారికి ఆదివారాల ప్రయాణం బరువవుతుంది. చేరేవారు క్షేత్ర పర్యటనలను ఒక్కటి కూడా వదులుకోవద్దు. చివరి ప్రాజెక్టుగా మా బృందం ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే వరద కాలువను కొలిచి, పటం గీసి, తెలుగులో నివేదిక రాసి గ్రామ పంచాయతీకి ఇచ్చింది. నీరటి చూపిన మూడు అడ్డంకుల్లో ఒకదాన్ని జనవరిలో తొలగించారు. మిగతా రెండూ పట్టా భూముల పక్కన ఉన్నందున సర్వే జరగాల్సి ఉంది. మా బ్యాచ్ ముగిసింది కాబట్టి దాన్ని వెంబడించే ఏర్పాటు కోర్సులో లేదు. తర్వాతి బ్యాచ్‌కు ప్రాజెక్టుగా కొత్త చెరువును కాక ఇదే చెరువును ఇవ్వమని కోఆర్డినేటర్‌ను అడిగాను.