పదేళ్ళ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: బాగుచేసేవాడి వైపు నుంచి ఒక సమీక్ష

ముందే చెప్పేస్తున్నాను, ఈ సాఫ్ట్‌వేర్ నేను కొన్నది కాదు. విశాఖ పూర్ణా మార్కెట్లో ఒక హోల్‌సేల్ కిరాణా షాపువాళ్ళు కొన్నారు, వాళ్ళ కంప్యూటర్లు చూసేది నేను. దీనికి డబ్బు కట్టేది సావుకారు గారు, బిల్లు కొట్టేది కౌంటర్లో పిల్లలు, ఆగిపోయినప్పుడు రాత్రి పదిన్నరకి కంచరపాలెం నుంచి బండేసుకుని వెళ్ళేది నేను. మొదటి రెండు రకాలవాళ్ళూ రాసిన సమీక్షలు చాలా దొరుకుతాయి. మూడోవాడి గోడు ఎక్కడా కనబడలేదు కాబట్టి రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం రాయను. వాడుతున్నవాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ షాపు రేకులు లేచిపోయి కంప్యూటర్లన్నీ నీళ్ళు తాగేశాయి. అటక మీద గదిలో ఉన్న ఒక్కటే బతికింది. దాంట్లో పాత విండోస్ ఎక్స్‌పీ ఉండేది. కొత్త ఏడాది సంక్రాంతి దాటాక సావుకారు గారు మూడు కొత్త కంప్యూటర్లూ వాటితోపాటు ఈ సాఫ్ట్‌వేరూ తీసుకున్నారు. అటక మీది ఎక్స్‌పీని కూడా కిందకి దింపి నాలుగో కౌంటరు చేశారు. దానికి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు పాత లావు కేబుల్‌తో తగిలించి ఉంది. పనిచేస్తున్నదాన్ని పారెయ్యడం ఆయన ఇంటా వంటా లేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే సపోర్టు ఆపేసిందని చెప్పాను. "ఆపితే ఆపనీ బాబూ, మనకి ఆగనేదు కదా" అన్నారు.

బాగున్నవి కూడా చెప్పాలి. బిల్లు కొట్టడంలో దీని వేగం మరోదానికి లేదు. మౌసు ముట్టక్కర్లేదు. సరుకు పేరులో మొదటి మూడక్షరాలు, ఎంటరు, ఎన్ని, ఎంటరు. అలవాటైన అమ్మాయి ఇరవై సరుకుల బిల్లు టీ చల్లారేలోపు తీసేస్తుంది. సరుకుల పేర్లు తెలుగులో ప్రింటవుతాయి, పల్లెల నుంచి వచ్చే చిన్న కొట్లవాళ్ళకి అదే కావాలి. బాకీల పట్టీ వీధుల వారీగా వస్తుంది. ఆ షాపువాళ్ళు దీన్ని వదలకపోవడానికి కారణం ఇదే, నేను కాదనను.

లోపల సంగతి వేరు. దీని కింద ఉన్నది డేటాబేస్ సర్వర్ కాదు, ఒక ఫైలు. పాత మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రకం ఫైలు. నాలుగు కంప్యూటర్లూ లాన్ మీద, అంటే షాపులో వాటిని కలిపే కేబుళ్ళ మీద, ఆ ఒక్క ఫైలునే తెరిచి, ఎవరికి వారు నేరుగా అందులో రాస్తుంటాయి. నలుగురు గుమస్తాలు ఒకే చిట్టా పుస్తకాన్ని నాలుగు వైపుల నుంచీ లాక్కుని రాసుకుంటున్నట్టన్నమాట. ఒకడు రాస్తుండగా కరెంటు పోయినా, కేబుల్ వదులై లైను తెగినా, ఆ పేజీ అక్కడికక్కడే చిరుగుతుంది. మన ఊళ్ళో లైను తెగడానికి తుఫానే రానక్కర్లేదు. పూర్ణా మార్కెట్‌కి సముద్రం ఎంత దూరమని! ఉప్పుగాలికి లాన్ పిన్నులు ఏడాది తిరిగేసరికి పచ్చబడతాయి. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెడితే కంప్యూటరు లేచి కూర్చోవడం విశాఖలో మెకానిక్కులందరికీ తెలిసిన వైద్యమే.

ఫైలు చిరిగిందంటే నాకు ఫోను. "ఏటి బాబూ, మళ్ళీ ఆగిపోనాది." నేను వెళ్ళి అన్ని కౌంటర్లూ మూయించి, ఫైలుని వేరే చోట కాపీ చేసి, చిరిగిన ఫైలుకి అతుకులేసే కంపాక్ట్ అండ్ రిపేర్ నడిపిస్తాను. పది నిమిషాల నుంచి గంట. లేచాక ఒకటో రెండో బిల్లులు మాయమై ఉంటాయి, లేదంటే ఒకే నంబరు రెండు బిల్లులకి పడి ఉంటుంది. వ్యాట్ రోజుల్లో పెన్నుతో దిద్దుకున్నా అడిగేవాడు లేడు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక బిల్లు నంబర్లు వరసగా, ఏ నంబరూ రెండుసార్లు రాకుండా ఉండి తీరాలి. ప్రతి నెలా 11వ తేదీకి అమ్మకాల రిటర్ను, జీఎస్టీఆర్-1, వెయ్యాలి. అంటే 10వ తేదీ రాత్రి ఆడిటరు గారి గుమస్తా నాకు ఫోను చేస్తారు. నాకూ జీఎస్టీకీ సంబంధం లేదు, అయినా ఆ తేదీ మా ఆవిడ పుట్టినరోజు కన్నా బాగా గుర్తుంటుంది.

పైగా ఆ రకం ఫైలు 2 జీబీ దాటి పెరగలేదు. మూడో ఏడు దగ్గరపడేసరికి బిల్లు సేవ్ అవడానికి గుక్క తిప్పుకోవడం మొదలుపెట్టింది. కంపెనీకి ఫోను చేస్తే "ఇయర్ స్ప్లిట్ చేసుకోండి సార్" అన్నారు, అంటే ఏడాదికో ఫైలుగా విడగొట్టమని. స్ప్లిట్ చేస్తే పాత బాకీలు కొత్త ఏడాదికి రెండేసిసార్లు వచ్చాయి. గుమస్తా గారు నాలుగు రోజులు కాగితం మీద లెక్క కట్టి సరిచేశారు. ఆయనకి ఈ కంప్యూటర్ల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. ఆ నాలుగు రోజుల తర్వాత నా మీద కూడా పోయింది.

ఇక వైరస్సుల సంగతి. సమీక్షలో ఇవెందుకు అనుకోవద్దు, రెండూ ఒకే కథ.

ఈ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా యాంటీవైరస్ దాన్నే వైరస్ అనుకుని పట్టుకునేది. తప్పు యాంటీవైరస్‌ది అనలేను. ఆ ప్రోగ్రాముకి డిజిటల్ సంతకం లేదు, లోపలి కోడ్ కనబడకుండా చుట్టేసి ఉంటుంది, నడవగానే సిస్టమ్ ఫోల్డర్లలో వేలు పెడుతుంది. ముఖానికి గుడ్డ కట్టుకుని పెరటి గోడ దూకేవాడిని కుక్క కరవక ఏం చేస్తుంది? ఒక దసరా ముందు శనివారం, షాపు నిండా జనం ఉండగా, బిల్లింగ్ ప్రోగ్రాముని తీసుకెళ్ళి క్వారంటైన్‌లో, అంటే యాంటీవైరస్ జైల్లో, పడేసింది. కంపెనీ కుర్రాడు రిమోట్‌లో వచ్చి, యాంటీవైరస్ ముట్టకుండా డి డ్రైవ్ మొత్తానికి మినహాయింపు ఇచ్చేశాడు. ఫోల్డరుకి కాదు, డ్రైవ్‌కి. పనిలో పనిగా అందరినీ అడ్మినిస్ట్రేటర్లు చేశాడు. షేర్ చేసిన ఫోల్డరు మీద 'ఎవ్రీవన్' అన్న పేరుకి పూర్తి అధికారం రాసిచ్చాడు. ఎక్స్‌పీ కౌంటరు కోసం ఎస్‌ఎంబీ వన్ (కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి) ఎలాగూ తెరిచే ఉంది. "ఇవన్నీ లేకపోతే మా సాఫ్ట్‌వేర్ నడవదు సార్" అన్నాడు. నేను నమ్మాను. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ప్రపంచమంతా తిరిగినప్పుడు అది దూరిన సందు ఆ ఎస్‌ఎంబీ వన్నే. దానికి మందు, అంటే ప్యాచ్, మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్ళు పోయారు. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకీ తగిలిందని వార్తల్లో చూసి, ఆ శనివారమే నా కస్టమర్ల షాపులన్నీ చుట్టబెట్టాను. పూర్ణా మార్కెట్ షాపులో విండోస్ అప్‌డేట్లు ఆపేసి ఉన్నాయి. ఎవరు ఆపారో అడగక్కర్లేదు, అప్‌డేట్ పడితే డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్సు కోసం యూఎస్‌బీకి గుచ్చే చిన్న ముక్క) కనబడదట. ప్యాచ్ వేశాను, డాంగిల్ చక్కగా కనబడింది. ఆ రోజు ఆ షాపు బయటపడింది నా తెలివి వల్లేమీ కాదు, అదృష్టం.

అసలు పాతకాలపు వైరస్సులతో అలిసిపోయేవాళ్ళం గానీ భయపడేవాళ్ళం కాదు. ఫోల్డరు బొమ్మ తగిలించుకుని 'న్యూ ఫోల్డర్' అన్న పేరుతో కూర్చునేది ఒకటి. నొక్కితే ఇంకో పది పుట్టించేది. తర్వాత షార్ట్‌కట్ వైరస్ వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో అసలు ఫోల్డర్లని దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. నొక్కితే మీ ఫోల్డరు తెరుచుకుంటుంది, దాని స్క్రిప్టూ నడుస్తుంది. అందుకే చాలామందికి పట్టిందన్న సంగతే తెలీదు. టాస్క్ మేనేజర్లో ఆ స్క్రిప్టుని ఆపి, స్టార్టప్ లోంచి తీసేసి, అట్రిబ్ కమాండ్‌తో దాచిన ఫోల్డర్లని పైకి తేవాలి. ఐదు నిమిషాల పని, మూడు వందల రూపాయలు. షాపు నుంచి బ్యాకప్ మోసుకెళ్ళే ఆడిటరు ఆఫీసు పెన్‌డ్రైవ్ నెలకోసారి ఈ వైరస్‌ని ప్రసాదంలా పట్టుకొచ్చేది. నేను తుడవడం, అది మళ్ళీ పట్టుకురావడం. ఆ పెన్‌డ్రైవ్‌ని తిట్టినన్ని తిట్లు జీవితంలో ఎవరినీ తిట్టలేదు.

2021లో ఒక ఆదివారం బంధువుల కుర్రాడెవరో ఆ డేటా ఫైలున్న సర్వరు కంప్యూటర్లో ఫొటోల సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ దింపుకున్నాడు. దింపింది డి డ్రైవ్‌లోకి. అక్కడ యాంటీవైరస్ కాపలా లేదు, వాడికి అడ్మిన్ హోదా ఉంది. సోమవారం షాపు తెరిచేసరికి ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు పిచ్చి అక్షరాలు, ప్రతి ఫోల్డర్లోనూ 'రీడ్‌మీ' అన్న ఒక నోటు. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో మాట్లాడితే సగానికి సగం, 490 చాలట. ఆషాఢం సేల్! మన దొంగ కాపీల బజారులో తెగ తిరిగిన స్టాప్ రాన్సమ్‌వేర్ అది.

గూగుల్ చేద్దామంటే యాంటీవైరస్ కంపెనీల సైట్లు ఒక్కటీ తెరుచుకోలేదు. ఏ సైటు ఎక్కడుందో విండోస్ ముందుగా చూసుకునే హోస్ట్స్ ఫైల్లో వాటి పేర్లన్నీ రాసి దారి మూసేయడం ఈ జాతి అలవాటు. ఎంసీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీవాళ్ళు 2019 అక్టోబరులో ఇచ్చిన ఉచిత డీక్రిప్టర్ (ఆ తాళం విప్పే ప్రోగ్రాము) నా ల్యాప్‌టాప్‌లో దింపి ప్రయత్నించాను. అది పాత రకాలకి పనిచేస్తుంది. కొత్త రకాల్లో తాళం చెవి ఆ దొంగల సర్వర్లో తయారై ఉంటే ఎవరూ చేయగలిగేది లేదు. మాది అదే. సాఫ్ట్‌వేర్ వారి ఆటో బ్యాకప్ ఎక్కడ ఉంది? అదే డి డ్రైవ్‌లో, పక్క ఫోల్డర్లో, అన్నిటితోపాటు తాళం పడి. లాన్ మీద ఎవ్రీవన్‌కి పూర్తి అధికారం కాబట్టి మిగతా కౌంటర్లలో షేర్ చేసినవీ పోయాయి.

సావుకారు గారు అరవలేదు. కుర్చీలో కూర్చుని "బాకీలు ఎవుడివి ఎంతో నాకు నోటికొచ్చు, రాసుకో" అని చెప్పడం మొదలెట్టారు. గుమస్తా గారు నిజంగానే రాసుకుంటున్నారు. ఆ దృశ్యం చూసినప్పుడు ఈ వృత్తి మానేద్దామనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆడిటరు ఆఫీసు పెన్‌డ్రైవ్. శుక్రవారం సాయంత్రం బ్యాకప్ పట్టుకెళ్ళారు. ఫోను చేస్తే టేబుల్ సొరుగులో ఉంది. షార్ట్‌కట్ వైరస్‌తో సహా! విండోస్ బదులు ఉబుంటు లినక్స్ సీడీతో నా ల్యాప్‌టాప్ లేపి, అందులో తెరిచాను. దాచిన ఫోల్డర్లు లినక్స్‌కి మామూలుగానే కనబడతాయి, విండోస్ స్క్రిప్టు అక్కడ చచ్చిన పాము. డేటా ఫైలు నిక్షేపంలా ఉంది. శనివారం బిల్లులు మాత్రం డాట్ మ్యాట్రిక్స్ కార్బన్ కాపీలు చూసి, ఇద్దరు అమ్మాయిలు ఒక రాత్రి కూర్చుని కొట్టారు. నాలుగు కంప్యూటర్లూ ఫార్మాట్ చేశాను. ఈ రాన్సమ్‌వేర్ వెంట పాస్‌వర్డులు దొంగిలించేది కూడా వస్తుందని తెలుసు కాబట్టి బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, ఈమెయిల్ పాస్‌వర్డులన్నీ నా ఫోన్లోంచి మార్పించాను.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేస్తే, "వైరస్ మా పరిధిలోకి రాదు సార్, రీఇన్‌స్టాలేషన్ ఛార్జి పడుతుంది" అన్నారు.

ఇన్‌స్టాల్ ఈసారి నేనే చేశాను, వాళ్ళ మాట వినకుండా. ఎక్స్‌పీని సాగనంపాను, ఎస్‌ఎంబీ వన్ మూసేశాను. కౌంటర్లలో అందరినీ మామూలు యూజర్లు చేశాను. మొదట ప్రోగ్రాము తెరుచుకోలేదు. చూస్తే, అది తన సెట్టింగ్స్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలే రాసుకుంటోంది, మామూలు యూజరుకి అక్కడ రాసే హక్కుండదు. ఆ ఒక్క ఫోల్డరు మీద రాసే అనుమతిచ్చాను, తెరుచుకుంది. యాంటీవైరస్ మినహాయింపు ఆ ఒక్క ప్రోగ్రాము ఫైలుకి కుదించాను. షేర్ ఫోల్డరులో నాలుగు పేర్లకే హక్కు. రిమోట్ సాఫ్ట్‌వేర్‌లో కంపెనీవాళ్ళు పెట్టుకున్న శాశ్వత పాస్‌వర్డు తీసేశాను. అదే పాస్‌వర్డు గాజువాకలో నా ఇంకో కస్టమరు దగ్గరా చూశాను. మొత్తం అరపూట పని. అప్పటి నుంచీ సాఫ్ట్‌వేర్ ఎప్పటిలాగే నడుస్తోంది, ఎప్పటిలాగే చిరుగుతోంది. వాళ్ళు తప్పనిసరి అన్నవాటిలో ఒక్కటీ తప్పనిసరి కాదు. వెతికి చూసే ఓపిక లేక తలుపులన్నీ బార్లా తీసి పెట్టారు, అంతే. నేను కూడా ఆ దసరా శనివారం అరపూట కూర్చుని ఉంటే సరిపోయేది. కూర్చోలేదు.

తాజా సంగతి: 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. ఒంటి సబ్బులు, తలనూనె, టూత్‌పేస్టు 18 నుంచి 5కి, నెయ్యి 12 నుంచి 5కి. అప్‌డేట్ ఈసారి సమయానికి వచ్చింది, మెచ్చుకోవాలి. కానీ ఆగస్టు బిల్లు మళ్ళీ ప్రింట్ తీస్తే 5 శాతం పడుతోంది! బిల్లులో రేటు దాచుకోదట, ప్రింట్ తీసే రోజున సరుకు దగ్గరున్న రేటు తెచ్చుకుంటుందట. "పాత బిల్లులు పీడీఎఫ్ దాచుకోండి సార్" అని సలహా. అక్టోబరు 14తో విండోస్ 10కీ సపోర్టు ముగిసింది. విండోస్ 11లో నడుస్తుందా అంటే "నడవాలి సార్" అన్నారు.

మార్కులంటే, బిల్లు కొట్టేవాళ్ళ తరఫున ఐదుకి నాలుగు. నా తరఫున ఒకటి, అది కూడా ఆ తెలుగు ప్రింటు కోసం. కొత్తగా కొనేవాళ్ళు డెమో చూపించేవాణ్ణి ఒక్కటి అడగండి: మామూలు యూజరుగా లాగిన్ అయ్యి, యాంటీవైరస్ నడుస్తుండగా చూపించమనండి. మొహం చూస్తే తెలిసిపోతుంది.

ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్సు కాంట్రాక్టు, మార్చిలో రెన్యువల్. సావుకారు గారు కట్టేస్తారు, నాకు తెలుసు. డాంగిల్ యూఎస్‌బీ సందు వదులైపోతే సిగరెట్ పెట్టె అట్ట మడిచి దోపాను. మూడేళ్ళయింది, ఆ షాపులో నేను చేసిన మరమ్మతుల్లో మళ్ళీ ముట్టుకోనిది అదొక్కటే.