టూంబ్స్ ఆఫ్ ది బ్లైండ్ డెడ్: పాల్ డీవీడీయా, బ్లూరేనా?

1972 నాటి ఈ స్పెయిన్-పోర్చుగల్ హారర్‌కి ప్రాణమంతా స్లోమోషన్‌లోనే ఉంది. చచ్చి లేచిన టెంప్లార్ల (మధ్యయుగపు క్రైస్తవ యోధుల) గుర్రాలు అంత నెమ్మదిగా కదిలితేనే భయం. పాల్ (PAL, యూరప్ టీవీ పద్ధతి) డీవీడీ సరిగ్గా అక్కడే దెబ్బకొడుతుంది: సెకనుకు 24 ఫ్రేముల సినిమా 25తో నడుస్తుంది, 101 నిమిషాలది 97కే అయిపోతుంది. సరిచేయకపోతే సంగీతం శ్రుతి కూడా పెరుగుతుంది. బ్లూరేలో అసలు వేగమే ఉంటుంది, ఫిల్మ్ గ్రెయినూ (ఫిల్మ్‌కి సహజంగా ఉండే సన్నని రేణువుల జాడ) నిలుస్తుంది. ఆ గ్రెయిన్‌ని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే మాత్రం ముఖాలు మైనంలా తయారవుతాయి.

చిక్కంతా రీజియన్‌తోనే, అంటే డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే కోడ్‌తోనే. యూరప్ బ్లూరే బి, అమెరికాది ఎ, మనది సి. లాక్ ఉన్న డిస్క్ ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు. డీవీడీకైతే కొన్ని ప్లేయర్లను రిమోట్‌తోనే అన్‌లాక్ చేయొచ్చు. అయినా నా ఓటు బ్లూరేకే. కొనేముందు స్పానిష్ ఆడియో, పూర్తి నిడివి ఉన్నాయో లేదో చూడండి; అమెరికాలో ఆడిన ఇంగ్లీషు డబ్బింగ్ ప్రింటు కోతలు పడినది.