తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఫ్రాన్స్ పల్లెల్లో ఇంగ్లీషువాళ్ళ సెలవు ఇళ్ళు

ఇంగ్లండ్‌లో ఉంటూ, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఫ్రాన్స్ చూపిద్దామనుకుంటే హోటళ్ళు పెద్దగా పనికిరావు. పొద్దున్నే కాఫీ మన చేత్తో కలుపుకోవాలి, రాత్రికి ఇంత అన్నం, చారు ఉండాలి. అందుకని పల్లెటూళ్ళలో ఇల్లు మొత్తం అద్దెకిచ్చే ‘జీత్’లు వెతికాం. నచ్చిన మూడు ఇళ్ళూ బ్రిటిష్‌వాళ్ళవే అయ్యాయి. వింతేం లేదు. దొర్దోన్, లిమూజాన్, బ్రిటనీ ప్రాంతాల్లో పాత రాతి ఇళ్ళు తమ దేశంతో పోలిస్తే చవకని వాళ్ళు దశాబ్దాలుగా కొంటూనే ఉన్నారు. ఇంగ్లండ్ జిల్లాల పేర్ల చివరుండే ‘షైర్’ తగిలించి, దొర్దోన్‌ని వేళాకోళంగా ‘దొర్దోన్‌షైర్’ అనేది అందుకే.

ఫొటోల్లో అన్ని ఇళ్ళూ ఒకటే. రాతి గోడలు, రంగు వేసిన చెక్క కిటికీ తలుపులు, వెనకాల ఈతకొలను. అసలు తేడా ఫొటోలో కనబడదు. యజమాని ఏడాదిలో ముప్పాతిక భాగం సముద్రానికి అవతల ఉంటాడు. ఆయన లేనప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో దాన్నిబట్టే మన సెలవు నడుస్తుంది. మూడు ఇళ్ళు చూశాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది.

ముందు ప్రయాణం సంగతి. ఫోక్‌స్టన్ నుంచి కారుని రైలెక్కిస్తే 35 నిమిషాల్లో ఫ్రాన్స్ తీరంలోని కలే చేరతాం గానీ, అక్కణ్ణుంచి లిమూజాన్‌లో మా మొదటి ఇంటికి దగ్గరైన లిమోజ్ దాకా దాదాపు 700 కిలోమీటర్లు. అత్తయ్యగారి మోకాళ్ళకి అది పడదు. పోర్ట్స్‌మత్‌లో రాత్రి ఓడెక్కి, క్యాబిన్‌లో పడుకుని, తెల్లారేసరికి నార్మండీ తీరంలో దిగడమే మాకు కుదిరింది. కారులో హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్టు ఉండి తీరాలి, ఫ్రాన్స్‌లో అది చట్టం. ఇంగ్లీషు కారులో డ్రైవరు కుడివైపు, టోల్ యంత్రం ఎడమవైపు కాబట్టి, చీటీ లాగడం, కార్డు పెట్టడం పక్కసీటు ఉద్యోగం. అంటే నాది. షాతోరూ దాటాక లిమోజ్ దాకా ఏ20 హైవే మీద టోల్ లేదు, బ్రిటనీలో అయితే ఎక్కడా లేదు.

తిండి సామాను దగ్గర మాత్రం జాగ్రత్త. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి బ్రిటన్ నుంచి యూరప్‌లోకి పాలు, మాంసంతో చేసినవేవీ తీసుకెళ్ళకూడదు. అంటే నెయ్యి కూడా. పచ్చి కరివేపాకుకీ పత్రాలు కావాలి. బియ్యం, కందిపప్పు, కారాలు డిక్కీలో పెట్టుకుని నెయ్యి డబ్బా ఫ్రిజ్‌లో వదిలి బయల్దేరాం. అత్తయ్యగారు మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ, మొదటి సూపర్‌మార్కెట్‌లో ఉప్పు లేని వెన్న అరకిలో కొని ఆ సాయంత్రమే కాచేశారు. ‘అమ్మాయ్, ఇది మన ఊరి వెన్న కన్నా బాగుంది’ అన్నారు. ఉప్పు లేనిదని చూసి కొనుక్కోండి, ముఖ్యంగా బ్రిటనీలో. అక్కడ ఉప్పు వెన్నే మామూలు వెన్న.

మొదటి ఇల్లు లిమోజ్‌కి ఉత్తరాన ఒక చిన్న పల్లెలో. చుట్టూ పచ్చిక బయళ్ళు, ఎర్రటి లిమూజాన్ ఆవులు, కనుచూపు మేరలో ఇంకో రెండిళ్ళు. ప్రశాంతత కోరుకునేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? యజమాని కెంట్‌లో ఉంటారు. తాళం గోడకి బిగించిన నంబరు పెట్టెలో ఉంటుంది. ఏదైనా కావాలంటే ఫోన్ చేయమని ఒక నిర్వహణ సంస్థ నంబరిచ్చారు.

శనివారం సాయంత్రం కరెంటు పోయింది. ఊరంతా కాదు, మా ఇంటికే. ఫ్రాన్స్‌లో కరెంటు కనెక్షన్ ఇన్ని కేవీఏలని, అంటే ఒకేసారి ఇంత మించి వాడమని హద్దు పెట్టుకుని తీసుకుంటారు, చిన్న ఇళ్ళకి తరచు 6. దాటితే ‘లింకీ’ అనే పచ్చ రంగు మీటరు నిర్దాక్షిణ్యంగా ఆపేస్తుంది. యజమాని ప్రేమగా ఇంగ్లండ్ నుంచి తెచ్చి పెట్టిన కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్లు తాగుతుంది. దానికి తోడు ఓవెన్, మా రైస్ కుక్కరు. మావారు మెట్ల కింద ఫోన్ లైటు వేసుకుని మీటరుతో కుస్తీ పడుతుంటే, మావయ్యగారు ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ వచ్చారు. అది తీరింది. ఆదివారం పొద్దున ఇంకోటి. అందరివీ తలంటు స్నానాలు, మూడో మనిషికే వేణ్ణీళ్ళు అయిపోయాయి. ఆ ఇళ్ళలో వేణ్ణీళ్ళ ట్యాంకు రాత్రి చవక రేటు గంటల్లో మాత్రమే వేడెక్కేలా పెడతారు. పగలు కావాలంటే ఫ్యూజుల పెట్టెలో ఒక చిన్న మీట పైకి తోయాలి, అంతే. ఆ ముక్క చెప్పే మనిషి లేడు. సంస్థవాళ్ళు సోమవారం మధ్యాహ్నం ఫోనెత్తి, చాలా మర్యాదగా, అదే మీట గురించి చెప్పారు.

ఇంట్లో లోపం లేదు. మంచాలు, దుప్పట్లు, వంటగిన్నెలు అన్నీ మొదటి రకం. ఊరు కూడా మంచిదే. లిమోజ్‌లో పింగాణీ మ్యూజియం, గోపురం ఉన్న రైల్వే స్టేషను ఒక పూటలో చూడొచ్చు. అక్కడికి దగ్గరే ఒరదూర్-స్యుర్-గ్లాన్. 1944 జూన్ 10న నాజీ సైనికులు 640 మందికి పైగా ఊరి జనాన్ని చంపి ఊరు తగలబెట్టారు. ఆ శిథిలాల్ని అలాగే ఉంచారు, తుప్పుపట్టిన కుట్టుమిషన్లతో సహా. పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అనేది ఎవరికి వారు తేల్చుకోవాలి, మేం పెద్దాణ్ణి మాత్రమే తీసుకెళ్ళాం.

రెండోది దొర్దోన్‌లో, ఎమే పట్టణానికి దగ్గర. యజమానురాలు ఇంగ్లండ్‌లోనే ఉన్నారు, వేసవిలో మాత్రం వస్తారట. తాళంచెవి పక్కింటి ఫ్రెంచి దంపతుల వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. మేం కారు దిగేసరికి ఆవిడ చేతిలో ఫైలుతో గేటు దగ్గరికొచ్చారు. ముందు ‘బోంజూర్’ అందరికీ విడివిడిగా. తర్వాత ఇల్లంతా తిప్పి చూపించారు. నీళ్ళ మెయిన్ వాల్వు ఎక్కడ, ఫ్యూజులు ఎక్కడ, ఏ కిటికీ గడియ బిగుసుకుంటుంది, అన్నీ. చెత్త డబ్బాలు ఇంటి ముందుకి రావు, రోడ్డు చివర ఉంటాయి, కార్డు చూపిస్తేనే మూత తెరుచుకుంటుంది. ఆ కార్డు పోగొట్టొద్దని రెండుసార్లు చెప్పారు.

బాత్రూమ్ గోడ మీద ఒక అట్ట. కాగితం తప్ప ఏదీ వేయొద్దు, తడి తుడుపు గుడ్డలు అసలొద్దు, బ్లీచింగు పోయొద్దు. చాలా పల్లెల్లో మురుగు పైపులుండవు, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. వేపుడు నూనె సింకులో పోయకూడదని ఆవిడ సైగలతోనే చెప్పేశారు, మేం సీసాలోకి వంచుకున్నాం. దీనివెనక యజమానులకి పెద్ద తలనొప్పే ఉంది. ఫ్రాన్స్‌లో ఈ ట్యాంకుల్ని తనిఖీ చేయడానికి స్థానిక సంస్థల విభాగమే ఒకటుంది. ఇల్లు అమ్మాలంటే మూడేళ్ళలోపు తీసుకున్న రిపోర్టు చూపాలి. ట్యాంకు నిబంధనలకి సరిపోలేదని తేలితే కొన్నవాళ్ళు ఏడాదిలోగా బాగుచేయించుకోవాలి. చవకగా దొరికిన ఇల్లు ఇక్కడే ఖరీదైపోతుంది.

కొలను చుట్టూ కంచె, దానంతటదే మూసుకునే గేటు. అలంకారానికి కాదు. భూమిలోకి తవ్విన కొలనుకి కంచె, అలారం, గట్టి కప్పు, గుడారం లాంటి పైకప్పు, ఈ నాలుగింట్లో ఒకటి ఉండి తీరాలని 2003లో చట్టం తెచ్చారు. లేకపోతే జరిమానా 45,000 యూరోల దాకా పడొచ్చు. చిన్నపిల్లలుంటే బుక్ చేసే ముందే ఏది ఉందో అడగండి. కొలను పక్క చెట్టుకి తలకిందులుగా కట్టిన ప్లాస్టిక్ సీసా ఆసియా కందిరీగలకి పెట్టిన ఉచ్చు. చైనా నుంచి వచ్చిన కుండల్లో చేరి, 2004 ప్రాంతంలో పొరుగు జిల్లాలోనే మొదట కనబడ్డాయట అవి. చిమ్నీలోనో చూరులోనో గూడు కడితే, ఇంట్లో ఎవరూ లేని నెలల్లో ఫుట్‌బాల్‌కి మించి పెరిగిపోతుంది.

మావయ్యగారు వరండాలో కూర్చుని ఇవన్నీ విని, ‘మన వీధిలో అమెరికా పిల్లల ఇళ్ళ వరసే ఇదీ. వారానికోసారి మోటారు వేసి, దొడ్డి ఊడ్పించి, కరెంటు బిల్లు కట్టే మనిషుంటే ఇల్లు నిలుస్తుంది. లేకపోతే రెండు వానాకాలాలకి కూలిపోతుంది’ అన్నారు. ఆయనది గోదావరి జిల్లా, తాళాలేసిన డాబాలు చూసీ చూసీ ఉన్నారు. ఇక్కడ వానకి బదులు గడ్డకట్టే చలి. నవంబరులో పైపులన్నీ ఖాళీ చేయకపోతే జనవరిలో పగులుతాయి, ఏప్రిల్‌లో యజమాని తలుపు తీసేసరికి వంటింట్లో చెరువు. ఇన్నాళ్ళు ఖాళీగా ఉంటే నీళ్ళు కట్టేయాలని, ఏటా చిమ్నీ శుభ్రం చేయించిన రసీదు ఉండాలని ఇన్సూరెన్సు పాలసీల్లో షరతులుంటాయి. పక్కింటాయన ఈ పనులన్నీ చేసి, యజమానురాలికి ఫొటోలు పంపుతారట.

ఎమేలో గురువారం సంత. 1270లో కట్టిన చదరపు నడిబజారు, చుట్టూ కమానులు, సగం మాటలు ఇంగ్లీషులోనే వినబడతాయి. క్రికెట్ క్లబ్బు కూడా ఉంది. మావయ్యగారికి ఊరు అక్కడే నచ్చేసింది. ఇసిజాక్ ఆదివారం సంత అంతకన్నా అందం గానీ తొమ్మిదిన్నర దాటితే కారు పెట్టడానికి చోటుండదు. ఆదిమానవులు గీసిన బొమ్మలున్న లాస్కో గుహ అసలుది 1963లోనే మూసేశారు, ఇప్పుడు చూసేది 2016లో తెరిచిన నకలు. నకలేగా అని వదిలేయొద్దు. చీకట్లో ఆ ఎద్దుల బొమ్మల కింద నిలబడితే అత్తయ్యగారంతటి మనిషి మాట్లాడకుండా ఉండిపోయారు. సార్లా పట్టణానికి మాత్రం వేసవి మధ్యాహ్నం వెళ్ళకండి. జనం, ఎండ, ధరలు, మూడూ ఎక్కువే.

మూడో ఇల్లు బ్రిటనీలో, దినాన్‌కి అరగంట దూరం. ఒక పూటంతా ప్రయాణం చేసి వెళ్ళాల్సి వచ్చింది. ఇక్కడ యజమానే ఉన్నారు, పక్కన గాదెని ఇల్లుగా మార్చుకుని. తాళం ఆయన జేబులోనే. డెబ్బై దాటినాయన, పొద్దున్నే బ్రెడ్డు తెచ్చి గుమ్మంలో పెట్టేవారు. సేవ పరంగా చూస్తే వంక లేదు, ఏకాంతం మాత్రం కాస్త తక్కువ. బట్టలు ఆరేస్తుంటే కూడా పలకరింపే.

సాయంత్రాలు కబుర్లలో ఆయన బాధలన్నీ బయటికొచ్చాయి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి ఎన్నాళ్ళయినా ఉండేవారు. ఇప్పుడు వీసా లేకుండా, ఏ రోజు నుంచి వెనక్కి లెక్కేసినా 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. ఏప్రిల్‌లో తోట పని మొదలుపెడితే ఆగస్టులో పళ్ళు కోయడానికి రోజులు మిగలవు. సొంతిల్లున్న బ్రిటిష్‌వాళ్ళకి సడలింపు ఇస్తూ 2023 డిసెంబరులో ఫ్రెంచి పార్లమెంటు ఒక నిబంధన ఆమోదించింది, నెలన్నర తిరక్కుండానే 2024 జనవరి 25న రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. ఇంక మిగిలింది ఆరు నెలల దాకా ఇచ్చే తాత్కాలిక వీసా. దానికి ఆదాయం కాగితాలు, ఆరోగ్య బీమా, పని చేయనని హామీ. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే వరస. 2025 అక్టోబరు నుంచి సరిహద్దుల్లో ముద్ర బదులు వేలిముద్ర, ఫొటో కంప్యూటరుకి ఎక్కుతున్నాయి కాబట్టి, ఒకట్రెండు రోజులు అటూ ఇటూ అయినా దొరికిపోతారు. ‘మీరు ఈ రోజుల లెక్క ఎలా రాసుకుంటారు?’ అని మావారిని అడిగారు. మేం బతుకంతా వీసా లెక్కల్లోనే ఉన్నవాళ్ళం కదా. మావారు ఎక్సెల్ షీటు తీసి చూపించారు, ఆయన కళ్ళజోడు తెచ్చుకుని కాపీ చేసుకున్నారు.

కుక్క గోల ఇంకొకటి. బ్రిటన్‌లో తీసుకున్న పాత పెంపుడు జంతువుల పాస్‌పోర్టు చెల్లదు. వచ్చే ప్రతిసారీ పశువైద్యుడి దగ్గర కొత్త ఆరోగ్య పత్రం తీయించాలి, తిరిగి వెళ్ళే ముందు ఫ్రాన్స్‌లో కడుపులో పురుగులకి మందు వేయించి రాయించుకోవాలి. పన్నులు సరేసరి. నివాస పన్నుని సొంత నివాసాలకి 2023 నుంచి ఎత్తేశారు గానీ, సెలవు ఇళ్ళకి ఉంచారు. ఇళ్ళ కొరత ఉన్న ప్రాంతాల్లో ఊరి పాలకమండలి దాని మీద 5 నుంచి 60 శాతం దాకా అదనం వేయొచ్చు. ఇల్లు ఎవరు వాడుతున్నారో ఆన్‌లైన్‌లో ప్రకటించాలి. అద్దెకిచ్చేవాళ్ళకి 2024 నవంబరు చట్టం మరో దెబ్బ. నక్షత్రాల రేటింగు తీసుకోని ఇళ్ళకి సులభ పన్ను పద్ధతి ఏడాదికి 15,000 యూరోల అద్దె దాకానే, అందులో మినహాయింపు 30 శాతం. 2026 మే 20 కల్లా ప్రతి ఇంటికీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బుక్ చేసేటప్పుడు ప్రకటనలో ఆ నంబరుందో లేదో చూడండి. నంబరు లేని ఇంటికి అడ్వాన్సు పంపడం నాకైతే ఇష్టం లేదు.

పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు కలిసి వెళ్తే నా ఓటు ఎమే ఇంటికే, అద్దె కాస్త ఎక్కువైనా. ఇద్దరే వెళ్తే, ఫ్యూజుల పెట్టెతో స్నేహం చేయగలిగితే, లిమూజాన్ ఇల్లు చవక, నిశ్శబ్దం. బ్రిటనీ ఇంటికి మళ్ళీ వెళ్ళాలని పిల్లల పట్టు. వచ్చే వేసవికి ఖాళీ ఉందా అని అడిగితే, తన 90 రోజులు ఎప్పుడు పడతాయో తేలాకే చెబుతానన్నారు ఆయన. క్రిస్మస్ అయ్యాక మెయిల్ పెట్టమన్నారు.