చూపు కదలక ముందు మెదడు తరంగాలు: ఈఈజీయా, ఎంఈజీయా?

ఎదురుగా కనిపించిన వస్తువుపైకి చూపు మళ్ళించడానికి మెదడు దాదాపు 200 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ వ్యవధిలోని మెదడు లయలను పట్టగలిగేవి ఈఈజీ (తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాలను కొలిచే పద్ధతి), ఎంఈజీ (మెదడు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పద్ధతి). మొదటిది అనంతపురంలోనే దొరుకుతుంది. రెండవదానికి అయస్కాంత కవచమున్న గది, సాధారణంగా ద్రవ హీలియం అవసరం కనుక బెంగళూరు నిమ్హాన్స్ వంటి సంస్థకు వెళ్ళవలసిందే.

ఈఈజీకి అసలు చిక్కు కంటితోనే. కంటి వెనుక పొర రెటీనాతో పోలిస్తే ముందు పొర కార్నియా ధనావేశంతో ఉండడం వల్ల, కనుగుడ్డు తిరిగిన ప్రతిసారీ మెదడు సంకేతాన్ని ముంచెత్తేంత విద్యుత్ మార్పు ఎలక్ట్రోడ్లకు చేరుతుంది. పైగా కదలిక మొదలయ్యే క్షణంలో కంటి కండరాల నుంచి వెలువడే సంకేతం గామా తరంగాలుగా (మెదడులోని వేగవంతమైన లయలుగా) భ్రమింపజేస్తుంది, ఇది పరిశోధకులను నిజంగానే తప్పుదోవ పట్టించగలదు. ఎంఈజీకీ ఈ బెడద ఉంది. అయితే పుర్రె అయస్కాంత క్షేత్రాన్ని పెద్దగా చెదరగొట్టదు కాబట్టి, ఫ్రంటల్ ఐ ఫీల్డ్ (మెదడు ముందు భాగంలో చూపు కదలికలను నడిపే ప్రాంతం) సంకేతాన్ని, దాని వెనుక ఉండే ప్యారైటల్ భాగపు సంకేతం నుంచి విడదీయడం అందులో సులభం.

నా అభిప్రాయంలో, చూపును నిలిపి లక్ష్యాన్ని గుర్తుంచుకునే విరామంలో 8–12 హెర్ట్జ్ ఆల్ఫా లయ తగ్గడాన్ని కొలవదలచిన ఇక్కడి విద్యార్థికి ఈఈజీ చాలు, ఎందుకంటే అప్పుడు కన్ను దాదాపు కదలదు. కదలిక సాగుతుండగా జరిగే నియంత్రణను పరిశీలించాలంటే మాత్రం ఎంఈజీతోపాటు కంటి కదలికలను నమోదు చేసే కెమెరా కూడా ఉండాలి.