ఆన్‌లైన్ ఎంబీఏ: తక్కువ ఫీజుల్లో ఏది మేలు?

ఆన్‌లైన్ ఎంబీఏ చేద్దామనుకునేవాళ్లు రెండు అంకెల చుట్టూ తిరుగుతుంటారు: ఫీజు ఎంత, ర్యాంకు ఎంత. నన్నడిగితే ఈ రెంటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఆ ఫీజు దేని లెక్కన కట్టించుకుంటున్నారు? మొత్తం ప్రోగ్రాంకా, ఆరు నెలల టర్ముకా, ఒక్కో కోర్సుకా? ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్లకు ఎక్కడో ఒకచోట బండి ఆగుతుంది. ఆగినప్పుడు జేబుకు ఎంత చిల్లు పడుతుందన్నది ఈ పద్ధతిని బట్టే ఉంటుంది. సగంలో వదిలేసిన ఎంబీఏకి కట్టిన డబ్బు ఎంత తక్కువైనా దండగే కదా.

పోల్చేముందు ఒకసారి జల్లెడ పట్టాలి. గుర్తింపు లేని ప్రోగ్రాం ఎంత చౌకైనా లెక్కలోకి రాదు. ఆ యూనివర్సిటీకి తన దేశ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు ఉందా అన్నది మొదటి ప్రశ్న. లేకపోతే ఆ పేజీ అక్కడే మూసేయండి. రెండోది, బిజినెస్ స్కూళ్లకు విడిగా ఇచ్చే గుర్తింపు. 1916లో అమెరికాలో పుట్టిన ఏఏసీఎస్‌బీ, 1967లో బ్రిటన్‌లో మొదలైన ఆంబా, 1997లో యూరప్ నుంచి వచ్చిన ఈక్విస్ వీటిలో పెద్దవి. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్ స్కూలును మొత్తంగా చూస్తాయి. ఆంబా మాత్రం ఎంబీఏ ప్రోగ్రాంనే పట్టి చూస్తుంది. మూడూ ఉన్న స్కూళ్లు ప్రపంచం మొత్తం మీద నూటికి ఒకటి కాబట్టి మూడూ కావాలని పట్టుబట్టక్కర్లేదు. ఒక్కటున్నా చాలు.

కానీ ఆ ఒక్కటి ఉందో లేదో కాలేజీ వెబ్‌సైట్ అడుగున వేసిన లోగో చూసి నమ్మకండి. గుర్తింపు ఇచ్చిన సంస్థ సైట్‌లోకే వెళ్లి, జాబితాలో పేరు వెతకండి. 2015లో బయటపడ్డ ఎగ్జాక్ట్ బాగోతం గుర్తుందా? పాకిస్తాన్‌కు చెందిన ఆ కంపెనీ దొంగ యూనివర్సిటీలతో ఆగలేదు, వాటికి గుర్తింపు ఇచ్చే సంస్థలను కూడా తానే పుట్టించింది. లోగో ఉంది, సైటుంది, ఫోనెత్తి మాట్లాడే మనిషీ ఉన్నాడు. లేనిది చదువే.

జల్లెడ దాటి మిగిలినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది పెద్ద యూనివర్సిటీలు బ్యాచ్ పద్ధతిలో నడిపే ఎంబీఏ గురించి. ఫీజు ప్రోగ్రాం మొత్తానికి ఇంత అని ఉంటుంది, లేదా క్రెడిట్ల లెక్కన కట్టినా మొత్తం ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ, కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైటుతో కలిసి 2016లో ఐఎంబీఏ అనే ఆన్‌లైన్ ఎంబీఏని మొదలుపెట్టింది. అది ఎంతగా నిలదొక్కుకుందంటే, క్యాంపస్‌లో నడిచే ఫుల్‌టైమ్ ఎంబీఏని ఆపేస్తున్నామని 2019లో ఆ స్కూలే ప్రకటించింది. మరుసటి ఏడాది బోస్టన్ యూనివర్సిటీ 24,000 డాలర్ల ఫీజుతో తన ఆన్‌లైన్ ఎంబీఏని తెచ్చింది. పేరున్న అమెరికన్ బిజినెస్ స్కూళ్లలో క్యాంపస్ ఎంబీఏకి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

ఈ రెంటిలో ఏది మేలు? రెంటికీ ఏఏసీఎస్‌బీ ఉంది, పేరూ ఉంది. తేడా చదువు అల్లికలో ఉంది. బోస్టన్‌లో ఎలెక్టివ్‌లు, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టులు, లేవు. ఫైనాన్స్, మార్కెటింగ్ అని విడివిడిగా కాకుండా ఒక్కో మాడ్యూల్‌లో అన్నీ కలిపి చెబుతారు, అలాంటి మాడ్యూళ్లు 6. బ్యాచ్ అంతా అదే చదవాలి. ఇల్లినాయ్‌లో మీకు నచ్చిన వైపు మళ్లే వీలుంది. పైగా అక్కడి పాఠాల్లో చాలావరకు కోర్సెరాలో మామూలు కోర్సులుగా దొరుకుతాయి. డిగ్రీకి దరఖాస్తు పెట్టకముందే ఒక సబ్జెక్టు పూర్తిగా చూసి, ఈ ప్రొఫెసర్ చెప్పే తీరు నాకు ఎక్కుతుందా లేదా అని తేల్చుకోవచ్చు. వేల డాలర్ల సరుకును ముందు రుచి చూసి కొనే అవకాశం ఎవరిస్తారు? నేను ఇల్లినాయ్ వైపే మొగ్గేది ప్రధానంగా ఇందుకే. ఎలెక్టివ్‌ల జాబితా చూసి తలపట్టుకునే రకం అయితే మాత్రం బోస్టనే హాయి.

బ్యాచ్ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది, దాని గురించి బ్రోషర్లలో రాయరు. గ్రూప్ ప్రాజెక్టు. అయిదుగురు అయిదు టైమ్ జోన్లలో ఉంటారు. ఒకరికి తెల్లవారుజాము, ఇంకొకరికి అర్ధరాత్రి. మీటింగ్ టైము ఖాయం చేయడానికే వాట్సాప్‌లో రెండ్రోజులు పడుతుంది. అయిదుగురిలో ఒకరు కెమెరా ఆపేసి మాయమవుతారు, ఇంకొకరు చివరి రాత్రి స్లైడ్లన్నీ మార్చేస్తారు. ఇదంతా విసుగే. అయినా ఉద్యోగంలో రేపు చేయబోయే పనికి ఇంతకంటే దగ్గరి తర్ఫీదు ఇంకోటి కనిపించదు. పైగా వారం వారం లైవ్ క్లాసు, గడువులు, ఎదురుచూసే టీమ్ ఉంటే మానేయడం అంత తేలిక కాదు.

రెండో రకం టర్ము లెక్కన ఫీజు కట్టేది. దీనికి మంచి ఉదాహరణ వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ. అమెరికా రాష్ట్రాల గవర్నర్లు కలిసి 1997లో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ ఇది, ప్రధానంగా ఆ దేశంలో ఉండేవాళ్లకే. ఆరు నెలల టర్ముకు ఒకే ఫీజు. ఆ ఆరు నెలల్లో ఎన్ని కోర్సులు పూర్తిచేసినా అంతే. అసెస్‌మెంట్ పాసవ్వగానే తర్వాతి కోర్సుకు వెళ్లిపోవచ్చు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. లెక్క తేలికే: రెండు టర్ముల్లో ముగించినవాళ్లకు అయ్యేదానికి నాలుగు టర్ములు పట్టినవాళ్లకు సరిగ్గా రెట్టింపు అవుతుంది. పదేళ్లుగా బడ్జెట్లు చూస్తూ, మనుషులతో పని చేయిస్తూ, ప్రమోషన్ ఫైల్లో ‘ఎంబీఏ’ అన్న గడి ఖాళీగా ఉన్నవాళ్లకు దీన్ని మించింది లేదు. అకౌంటింగ్ అంటే బిత్తరపోయేవాళ్లకు మాత్రం ఇక్కడ టర్ము మీద టర్ము కరిగిపోతుంది. ఇంకో సంగతి, దీనికి ఉన్నది ఏసీబీఎస్‌పీ అనే ఇంకో సంస్థ బిజినెస్ ప్రోగ్రాంలకు ఇచ్చే గుర్తింపు, ఏఏసీఎస్‌బీ కాదు. చాలా కంపెనీలకు ఆ తేడాతో పనిలేదు. కానీ రేపు పీహెచ్‌డీకి వెళ్లి పాఠాలు చెప్పాలన్న ఆలోచన ఉంటే పట్టించుకోవాలి.

కోర్సు వారీగా డబ్బు కట్టే పద్ధతి మూడోది. స్కాట్లాండ్‌లోని హెరియట్-వాట్ యూనివర్సిటీకి చెందిన ఎడిన్‌బరా బిజినెస్ స్కూల్ దీనికి పాత పేరు. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక కోర్సు కట్టుకోవచ్చు, ఆడనప్పుడు ఆగొచ్చు. అప్పు చేయకుండా ఎంబీఏ చేయాలంటే ఇంతకంటే నిబ్బరమైన దారి లేదు. అయితే ఆగొచ్చు అన్నదే దీనికి బలమూ, ప్రమాదమూ. ‘వచ్చే సీజన్‌కి కడదాంలే’ అనుకుంటూ ఏళ్లు దొర్లిపోతాయి. మిమ్మల్ని ఎవరూ తరమరు.

ఇక ట్యూషన్ ఫీజే లేనిది యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్. 2009లో మొదలైంది. ఒక్కో కోర్సుకు అసెస్‌మెంట్ ఫీజు మాత్రం కట్టాలి కాబట్టి పూర్తిగా ఉచితం అనుకోవద్దు. 2025లో అమెరికా ప్రాంతీయ గుర్తింపు రావడంతో ఇదివరకటికంటే గట్టి పడింది. ఒకరి రాతలను ఒకరు దిద్దుకునే పద్ధతి ఎక్కువ. నేర్చుకోవాలన్న ఆకలి ఉండి డబ్బు లేనివాళ్లకు నిజమైన తలుపు ఇది. పేరు చూసి ఇంటర్వ్యూకి పిలుస్తారని మాత్రం లెక్క వేసుకోకండి.

ఏ రకమైనా సరే, ప్రకటనలో చెప్పిన ఫీజు దగ్గర ఆగకూడదు. దరఖాస్తు ఫీజు, టెక్నాలజీ ఫీజు, పుస్తకాలు, వెబ్‌క్యామ్ ముందు రాసే పరీక్షకు నిఘా ఖర్చు, తప్పితే మళ్లీ రాయడానికి ఫీజు, సెలవు పెడితే ఫీజు, క్యాంపస్‌కు తప్పనిసరిగా రావాలంటే ప్రయాణం. ఈ వరుస మొత్తం ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పట్టా మీద ‘ఆన్‌లైన్’ అని రాస్తారా, ప్లేస్‌మెంట్ విభాగం ఆన్‌లైన్ విద్యార్థులకూ పనిచేస్తుందా అన్నవి కూడా అందులోనే అడగండి. ప్లేస్‌మెంట్ ప్రశ్నకు జవాబు నసుగుతూ వస్తే అర్థం చేసుకోవచ్చు.

‘ఈ రాత్రితో స్కాలర్‌షిప్ అయిపోతుంది’ అంటూ ఫోన్ చేసేది చాలాసార్లు యూనివర్సిటీ మనిషి కాదు, దాని తరఫున అడ్మిషన్లు చూసే బయటి కంపెనీ ఉద్యోగి. అలాంటి కంపెనీల్లో పెద్దదైన టూయూ 2024 జూలైలో దివాలా రక్షణ కోరింది. కాబట్టి మీ క్లాసులు నడిపేదెవరు, ఆ కంపెనీతో ఒప్పందం ముగిస్తే చదువు ఏమవుతుంది అని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

సొంత డబ్బు పెట్టుకుని, వారానికి పది పన్నెండు గంటలు నికరంగా తీయగలిగినవాళ్లకు నా ఓటు బ్యాచ్ పద్ధతికే. మేనేజర్ పని ఇప్పటికే చేస్తున్నవాళ్లకు టర్ము ఫీజు. ఆదాయం నెలనెలా మారేవాళ్లకు కోర్సు వారీ, అదీ ముగింపు తేదీ ఒకటి క్యాలెండర్‌లో రాసుకున్నాకే. కంపెనీ ఫీజు కడతానంటే మాత్రం ముందు హెచ్‌ఆర్ పాలసీ చదవండి. కొన్నిచోట్ల వాళ్ల జాబితాలో ఉన్న స్కూళ్లకే డబ్బిస్తారు, చదువయ్యాక ఇన్నేళ్లు ఇక్కడే పనిచేయాలని సంతకం పెట్టించుకుంటారు. అప్పుడు మీరు పోల్చాల్సింది ఆ జాబితాలో ఉన్నవాటినే.