తొమ్మిది వందల స్కానర్‌తో నాలుగేళ్లు: ఇంజిన్ పోతోందని అది చెప్పిందా?

2021లో ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఇది, అంటే కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని చదివే పరికరం. ఖరీదు తొమ్మిది వందలు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటుంది. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. నాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు లేదు, ఎర్ర దీపం ఒక్కటే. అది వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోతుందని భయపడి ఇది కొన్నాను.

మొదటి రెండేళ్లు బాగానే గడిచింది. నా బండి 90 నుంచి 95 డిగ్రీల మధ్య నడుస్తుందని, ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే 100 దాకా వెళ్లి ఫ్యాన్ తిరగగానే దిగుతుందని తెలిసింది. మన బండికి ఏది మామూలో తెలియడమే ఈ స్కానర్‌తో అసలు లాభం.

2023 మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. మునగాల దాటాక అంకె 104, 108, 112 అని ఎక్కింది. ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. ఇంజిన్ మరీ వేడెక్కితే చాలా బళ్లలో ఏసీ కంప్రెసర్ దానంతటదే ఆగిపోతుందని అప్పుడు నాకు తెలియదు. కోదాడ దగ్గరే కదా అని ఆపలేదు. ఇంతలో అంకె ఒక్కసారిగా 85కి పడింది. హమ్మయ్య అనుకున్నా. నా కొంప ముంచింది ఆ హమ్మయ్యే. రేడియేటర్ పైపు చీలి నీళ్లన్నీ పోయాయి. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది. ఉత్త గాలిలో ఉంటే అది చూపించే అంకెకు అర్థం లేదు. పికప్ పడిపోయి, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తే గానీ బండి ఆపలేదు.

పైపు మార్పించి, నీళ్లు పోయించి ఇంటికి చేరాం. అంతా బాగుందనే అనుకున్నా.

మూడు వారాల తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే అర నిమిషం బండి వణికేది, తర్వాత మామూలే. స్కానర్ పీ 0302 చూపించింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్, పెట్రోల్ సరిగా మండట్లేదని. కోడ్ క్లియర్ చేశాను. మళ్లీ వచ్చింది, ప్లగ్గులు మార్చాను. మళ్లీ వచ్చింది, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ మార్చాను. ఈ యాప్‌లో నాకు అసలు నచ్చనిది ఆ క్లియర్ బటనే. రోగం అలాగే ఉంటుంది, దీపం మాత్రం ఆరిపోతుంది.

చివరికి ఆటోనగర్‌లో పెద్దాయన ఒకరు స్కానర్ వంక చూడనైనా చూడలేదు. "పాత ప్లగ్గులు ఉన్నాయా బాబూ?" అన్నారు. డిక్కీలోంచి తీసి ఇచ్చాను. మూడు గోధుమరంగులో ఉన్నాయి, ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంది. "ఇందులోకి నీళ్లు దిగుతున్నాయి" అన్నారు. రాత్రంతా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్ నీళ్లు) బొట్టుబొట్టుగా సిలిండర్‌లోకి కారుతోంది, పొద్దున వణుకు దానివల్లే. ఇంజిన్ ఆన్‌లో ఉండగా కూలెంట్ డబ్బాలో బుడగలు చూపించారు. కింద చుక్క పడకుండానే డబ్బాలో మట్టం ఎందుకు తగ్గుతోందో అప్పుడర్థమైంది. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే మూడు సిలిండర్లు 165 దగ్గర, రెండోది 110. ఆ రోజు వేడికి హెడ్ గ్యాస్కెట్ పోయింది, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే సీలు. హెడ్ కూడా వంగింది. చాలా ఇంజిన్లలో 0.05 మిల్లీమీటర్ వంపు దాటితే ఫేసింగ్ కొట్టించాల్సిందే, అంటే హెడ్ అడుగును చదునుగా చెక్కించాలి. మొత్తం ఇరవై మూడు వేలు అయింది. ఆయిల్‌లో నీళ్లు కలవలేదు కాబట్టి ఇంతటితో పోయింది. కలిసి ఉంటే ఆయిల్ మూత కింద పాలు పోసిన టీలాంటి జిగురు కనిపించేదట, బేరింగులు కూడా పోయేవట. చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బళ్లకు మూత కింద కొంచెం తెల్లటి నురగ మామూలేనట, దానికి కంగారు పడక్కర్లేదన్నారు.

ఆయిల్ ప్రెషర్ మాట చెప్పాలి. చాలా చిన్న కార్లలో దానికి ఉండేది ఒక స్విచ్ మాత్రమే, ప్రెషర్ ఎంతుందో స్కానర్‌కు అందదు. నూనె డబ్బా గుర్తు దీపం వెలిగిందంటే ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి, ఇంటి దాకా పోదామనే బేరం వద్దు. టక్ టక్ అని పైనుంచి సన్నగా వినిపించే చప్పుడుకు కొంత టైం ఉంటుంది. అడుగు నుంచి దబ్ దబ్ అని, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరిగే చప్పుడైతే పిస్టన్‌ను కింది షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అయ్యుండొచ్చు. దాన్ని పట్టే కోడ్ నా యాప్‌లో లేదు, చెవితో వినాల్సిందే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా బావ కారు సీట్ల దాకా మునిగింది. "నీ మిషన్ పెట్టి చూడరా" అన్నాడు. ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దని, ముందు బ్యాటరీ వైరు తీయమని చెప్పాను. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే, నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మెకానిక్ ప్లగ్గులు విప్పి నీళ్లు కక్కించి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేశాడు. వైరింగ్‌కు ఖర్చయింది గానీ ఇంజిన్ దక్కింది. అదే వీధిలో తొందరపడి సెల్ఫ్ కొట్టినాయన ఇంజిన్ విప్పించుకోవాల్సి వచ్చింది.

ఐదుకి మూడు ఇస్తాను. టెంపరేచర్ ముల్లు లేని కారుకైతే కొనండి, 105 దాటితే అలారం మోగేలా యాప్‌లో పెట్టుకోండి. ఎక్కిన అంకె ఉన్నట్టుండి పడిపోతే మాత్రం బండి పక్కకు తీసి ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, చల్లారాక చూడండి. ఇంకోటి, స్కానర్‌ను సాకెట్‌లోనే వదిలేసి ఊరెళ్లకండి. నాది పది రోజుల్లో బ్యాటరీ మొత్తం తాగేసింది.